నీ ఇష్టం అమ్మా

తెనాలిలో మా పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి కొడుకుని అడిగింది. “ముద్దపప్పులోకి ఆవకాయ వెయ్యనా, పులుసు పొయ్యనా?” వాడు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు. ముందు తల్లి ముఖంలోకి చూశాడు, తర్వాత నా ముఖంలోకి, తర్వాత మా బాబాయి ముఖంలోకి. మా ముగ్గురిలో ఎవరికి ఏ జవాబు కావాలో వెతుక్కుంటున్నాడు. చివరికి “నీ ఇష్టం అమ్మా” అన్నాడు.

చిన్నప్పుడు పులుసులో ముక్క తగ్గితే కంచం తోసేసి లేచిపోయినవాడు వాడు.

అంతకు నాలుగేళ్ళ ముందు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఒక గొలుసుకట్టు వ్యాపారంలో చేరాడు. ఆ కంపెనీ పేరుతో మనకిక్కడ పనిలేదు. మొదట ఆదివారం హోటల్ హాల్లో మీటింగు. తర్వాత వారంలో మూడు సాయంత్రాలు. తర్వాత తెలిసినవాళ్ళందరి పేర్లతో ఒక లిస్టు, అందులో మేమందరం. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం మానేశాడు. తనని చేర్పించిన ‘అప్‌లైన్’ని అడక్కుండా పండక్కి ఊరు కూడా వచ్చేవాడు కాదు. బాబాయి నిలదీస్తే “నెగెటివ్‌గా మాట్లాడేవాళ్ళతో మాట్లాడొద్దన్నారు” అని ఫోన్ పెట్టేశాడు. అప్పులు మీదపడ్డాయి. వాడి మాట నమ్మి చేరిన స్నేహితులు ముఖం చాటేశారు. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో పండగ. “మావాడు మళ్ళీ మావాడయ్యాడు. ఇప్పుడు ఏం చెప్తే అది వింటున్నాడు” అని పిన్ని వీధిలో అందరికీ చెప్పుకుంది. నేనూ సంతోషించాను. జబ్బంతా ఆ మాటలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఏం చెప్తే అది వినడమే కదా, వాడు నాలుగేళ్ళూ అక్కడ చేసింది!

ఈ అధ్యాయం అలా తిరిగొచ్చినవాళ్ళ కోసం. అంతకన్నా ఎక్కువగా, వాళ్ళు తిరిగొచ్చిన ఇళ్ళ కోసం. గొలుసుకట్టు వ్యాపారాన్నీ, 1978 నవంబరు 18న గయానా అడవిలోని జోన్స్‌టౌన్‌లో తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు పోయిన ఘోరాన్నీ నేను ఒకే గాటన కట్టడం లేదు. రెంటికీ పోలికే లేదు. కానీ ఒక స్వామి దగ్గర్నుంచో, ఒక సాయుధ దళం నుంచో, ఒక వ్యాపారం నుంచో, పొద్దస్తమానం ద్వేషం నూరిపోసే ఒక గుంపు నుంచో బయటపడ్డ మనిషి మొదటి ఏడాదిలో పడే తడబాటు మాత్రం ఆశ్చర్యం కలిగించేంత ఒకేలా ఉంటుంది. ఆ తడబాటు గురించి తెలియని ఇల్లు, ప్రేమతోనే, తానే ఇంకో గుంపుగా మారుతుంది.

మార్గరెట్ సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి గుంపుల నుంచి బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ మాటలు ఓపిగ్గా విని, 1979లో ‘సైకాలజీ టుడే’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. దాన్ని చదువుతుంటే మా పిన్ని ఇల్లు కళ్ళముందు కదిలింది. చిన్న విషయాలు కూడా తేల్చుకోలేకపోవడం. ఎవరేం చెప్పినా తల ఊపడం. ఉన్నట్టుండి ఎటో చూస్తూ ఉండిపోవడం. ఇంట్లోవాళ్ళు క్షణక్షణం తననే గమనిస్తున్నారన్న ఇబ్బంది. దానికామె గాజుతొట్టిలో చేప పోలిక వాడింది. నిన్నటిదాకా లోకాన్ని ఉద్ధరించే కొద్దిమందిలో ఒకణ్ణి, ఇవాళ ఎవరికీ పట్టని మామూలు మనిషిని అన్న దిగులు. చాలామందికి తమ పాత స్థాయిలో జీవితాన్ని నడుపుకోవడానికి ఆరు నుంచి పద్దెనిమిది నెలలు పడుతుందని ఆమె రాసింది. ఈ లెక్క గోడమీద రాసిపెట్టుకోండి. మన ఇళ్ళల్లో మూడో వారానికే “ఇంకా ఎన్నాళ్ళు ఇలా కూర్చుంటాడు, ఓ సంబంధం చూసేస్తే సర్దుకుంటాడు” అని మొదలవుతుంది. తేల్చుకునే శక్తి ఇంకా తిరిగిరాని మనిషి చేత జీవితంలోకెల్లా పెద్ద విషయం తేల్పించడం అది. ఇంకో అమ్మాయి జీవితం కూడా అందులో ఉంది. ఏడాదిన్నర ఆగండి.

చిన్నవాటితో మొదలుపెట్టాలి. అప్పటికి నేను ఇవేవీ చదవలేదు; పిన్నికి ఎవరూ చెప్పలేదు. ఆమె తనంతట తనే ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రశ్న అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ముఖం కనపడకపోతే వాడు చదవడానికి ఏమీ ఉండదు. “పప్పా, పులుసా, గట్టిగా చెప్పు, పొయ్యి దగ్గరున్నాను” అనేది. మొదటివారం లోపల్నుంచి ఆమె, బయట్నుంచి నిశ్శబ్దం. నిశ్శబ్దం ఎంతసేపున్నా ఆమె రెండోసారి అడిగేది కాదు, తనే తేల్చేసేది కూడా కాదు. అన్నం చల్లారిపోయేది. తొమ్మిదోరోజో పదోరోజో “పులుసు” అని వినిపించింది.

ఇక్కడ ఇంట్లోవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. ఆ “పులుసు” వినగానే చప్పట్లు కొట్టినంత పనిచేస్తారు. “చూశావా, ఎంత బాగా చెప్పావో!” అంటారు. ఆ మెచ్చుకోలు వాడికి కొత్త కాదు. మీటింగుల్లో ప్రతి చిన్నపనికీ హాలంతా లేచి చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల కోసమే వాడు నాలుగేళ్ళు పరిగెత్తాడు. పులుసు అంటే పులుసు వడ్డించండి, అంతే. వాడు తేల్చినదాని ఫలం ఆ పులుసే కావాలి, మీ చిరునవ్వు కాదు.

ఇంకొక రోజు ఐదువందలిచ్చి కూరగాయలకి పంపింది. “ఏమేం తేవాలో లిస్టు రాసివ్వు” అన్నాడు. “ఏవి బాగుంటే అవి తే” అంది. వాడు మూడు కిలోల టమాటాలు మాత్రం తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తిడతారేమోనని. బాబాయి ఏదో అనబోతే పిన్ని కళ్ళతోనే ఆపింది. ఆ వారమంతా మేం టమాటా పచ్చడే తిన్నాం. తప్పు నిర్ణయం తీసుకుని, దాని ఫలితం తిని, అయినా ఏమీ కూలిపోలేదని చూడటం వాడికి నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఆ గుంపులో ప్రతి తప్పుకీ ఒక పేరుండేది, ఒక ఉపన్యాసం ఉండేది, పదిమందిలో లేచి నిలబడి ఒప్పుకోవడం ఉండేది.

వాడు మా ముఖాల్లో ఎందుకు వెతుక్కున్నాడో నాకు తర్వాత సోలొమన్ ఆష్ ప్రయోగాలు చదివాక అర్థమైంది. 1950ల మొదట్లో అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళని గుంపుగా కూర్చోబెట్టి ఒక గీత చూపించాడాయన. పక్కన ఇంకో మూడు గీతలు. మొదటిదానికి సమానమైనది వాటిలో ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గుంపులో ఒక్కడే అసలు పరీక్షకు వచ్చినవాడు. మిగతా అందరూ ఆష్ మనుషులు. వాళ్ళంతా ముందే అనుకుని ఒకే తప్పు జవాబు చెప్తారు. ఆ తర్వాత వాడి వంతు. అలాంటి సందర్భాల్లో మూడింట ఒకవంతు జవాబులు గుంపు వైపే పోయాయి. కళ్ళెదుట ఉన్న గీత గురించి!

ఈ మాట చాలా పుస్తకాల్లో ఉంటుంది. మనకి పనికొచ్చేది దాని తర్వాతి భాగం. ఆష్ అదే గుంపులో ఒక్క మనిషి చేత నిజం చెప్పించాడు. ఒక్కడే. దాంతో గుంపుకి లొంగడం మునుపటిలో దాదాపు నాలుగోవంతుకి పడిపోయింది. ఇంకా విచిత్రం, ఆ ఒక్కడు సరైన జవాబు చెప్పకపోయినా, గుంపుతో విభేదించి వేరే తప్పు చెప్పినా, పరీక్షకు వచ్చినవాడికి ధైర్యం వచ్చేది. అంటే మీ తమ్ముడికో కూతురికో సాయం చెయ్యాలంటే అన్నిటికీ మీ దగ్గర సరైన జవాబులుండాల్సిన పనిలేదు. వేదాలు చదవక్కర్లేదు, ఆర్థికశాస్త్రం రానక్కర్లేదు. అందరూ ఒకటే పాట పాడుతున్నచోట “నాకలా అనిపించడం లేదు” అనే మనిషి ఒకరున్నారని వాళ్ళకి తెలిస్తే చాలు.

ఆష్ ఇంకోటి కూడా చూశాడు. ఆ తోడు మధ్యలో ఏదో పనుందని లేచి వెళ్ళిపోతే, అతనిచ్చిన ధైర్యం చాలామట్టుకు నిలబడింది. కానీ ఆ తోడే మధ్యలో మనసు మార్చుకుని గుంపు జవాబు చెప్పడం మొదలుపెడితే, తప్పులు దాదాపు మొదటి స్థాయికి తిరిగొచ్చాయి. ఈ ముక్క చదివినప్పుడు నాకు తలవంపులైంది. తిరిగొచ్చిన రెండో నెలలో వాడు నాతో ఒక్కడితో ఒక విషయం చెప్పాడు. చివరి విడత కట్టడానికి ఒక స్నేహితుడి తల్లి గాజులు తాకట్టు పెట్టించాడట. నేను ఆ రాత్రే మంచి చేస్తున్నాననుకుని బాబాయికి చెప్పేశాను. తెల్లారేసరికి ఇంట్లో పంచాయితీ. వాడు నా వైపు ఒక్కసారి చూసి తలదించుకున్నాడు. ఆ తర్వాత రెండునెలలు నాతో “ఆఁ”, “ఊఁ” తప్ప మాట్లాడలేదు. నేను దూరంగా ఉండిపోయినా అంత నష్టం జరిగేది కాదు. తోడుగా ఉండి, అటు కలిసిపోయాను.

అందుకే చెప్తున్నాను. ఇంట్లో ఒక్కరే తోడుగా ఉండండి, నలుగురు కూర్చుని అడగొద్దు. ఆ ఒక్కరికి చెప్పినది ఆ ఒక్కరి దగ్గరే ఉండాలి. ఒక్క మినహాయింపు. ప్రాణం తీసుకోవాలన్న మాట వస్తే, రోజుల తరబడి నిద్రపోకపోతే, లేని గొంతులు వినపడుతున్నాయంటే మాట దాచకండి, వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ ఇంట్లోవాళ్ళ ప్రేమ ఒక్కటే చాలదు.

మాటల సంగతి

వాడి భాష మాకు అర్థమయ్యేది కాదు. తెలుగే మాట్లాడేవాడు, కానీ ప్రతి వాక్యంలో ఒక గోడ తగిలేది. బాబాయి లెక్క అడిగితే “నెగెటివ్”. నేను నవ్వితే నేను “కలలు దొంగిలించేవాణ్ణి”. ఉద్యోగం గొప్పదంటే, జాబ్ అన్న మాటలో మూడక్షరాలకి అర్థం “జస్ట్ ఓవర్ బ్రోక్” అట, అంటే దివాలాకి ఒక్క మెట్టు పైన. డబ్బు రావడం లేదుగా అంటే “సిస్టమ్ ఎప్పుడూ ఫెయిలవదు, మనిషే ఫెయిలవుతాడు.” ఏ ప్రశ్నకైనా ఒక తాళంకప్ప సిద్ధంగా ఉండేది.

రాబర్ట్ జే లిఫ్టన్ అనే సైకియాట్రిస్టు 1950ల నడుమ హాంకాంగ్‌లో కూర్చుని, చైనా జైళ్ళలో, చైనా విశ్వవిద్యాలయాల్లో ‘ఆలోచనల సంస్కరణ’కు గురై వచ్చిన నలభై మందితో మాట్లాడాడు. వారిలో ఇరవై ఐదుగురు పాశ్చాత్యులు, పదిహేనుగురు చైనీయులు. 1961లో వచ్చిన ఆయన పుస్తకంలో మనిషిని పూర్తిగా లొంగదీసుకునే వాతావరణానికి ఎనిమిది లక్షణాలు చెప్పాడు. అందులో ఒకటి భాష. పెద్ద పెద్ద మానవ సమస్యలని నాలుగు ముక్కల నినాదంలోకి కుదించి, అక్కడితో ఆలోచన ఆగిపోయేలా చెయ్యడం. ‘నెగెటివ్’ అన్న మాట వాడి బుర్రలో చేసిన పని అదే. దాని అవతల ఇంకేమీ ఉండేది కాదు.

తిరిగొచ్చాక కూడా ఆ మాటలు పోలేదు. మనిషి గుంపుని వదిలేస్తాడు గానీ గుంపు నిఘంటువు ఇంకా చాలాకాలం నోట్లోనే ఉంటుంది. దీనికి నేనొక పని చెప్పాను, అది మాత్రం పనిచేసింది. ఒక నోటుపుస్తకం. ఎడమవైపు వాళ్ళ మాట. కుడివైపు, నువ్వు అందులో చేరకముందు దాన్ని ఏమనేవాడివి? డిక్షనరీలో అర్థం రాయకూడదు, వాళ్ళు చెప్పిన అర్థం రాయకూడదు. నీ జీవితంలో ఆ మాట కింద జరిగిందేమిటి, అదే రాయాలి.

మొదటి పేజీలు పొడిగా ఉన్నాయి. ‘డౌన్‌లైన్’ అన్నచోట ‘నా స్నేహితులు’ అని రాశాడు. ‘ప్లాన్ చూపించడం’ అన్నచోట ‘పెళ్ళిభోజనంలో పక్కవాణ్ణి పట్టుకోవడం’. ‘కోచింగ్’ అన్నచోట మూడుసార్లు కొట్టేసి ‘అడిగి చెయ్యడం’. ఆరో పేజీలో ‘ఇన్వెస్ట్‌మెంట్’ ఉంది. దానికెదురుగా ఒక్క ముక్క: ‘అమ్మ గాజులు’. ఆ స్నేహితుడి అమ్మవి. ఆ రోజు వాడు పుస్తకం మూసి మేడమీదికెళ్ళి చాలాసేపు ఒక్కడే ఉన్నాడు. ఎవరూ వెనక వెళ్ళలేదు.

ఆ పుస్తకం ఎవరూ అడిగి చదవకండి. వాడే చూపిస్తే చూడండి. దిద్దకండి. వాడు ‘ఆత్మవిశ్వాసం’ అన్న మాటకెదురుగా ‘నిజంగానే వచ్చింది’ అని రాసుకుంటే అదీ నిజమే కావచ్చు. దాన్ని కొట్టేయించే హక్కు మనకి లేదు.

ఇంకా లోపలే ఉన్నవాళ్ళు

ఇది చదువుతున్న చాలామంది కొడుకులు, కూతుళ్ళు, భర్తలు ఇంకా తిరిగిరాలేదని నాకు తెలుసు. వాళ్ళ గురించి రెండు నిజ జీవితాలు చెప్తాను.

స్టీవెన్ హాసన్ న్యూయార్కు క్వీన్స్ కాలేజీలో చదువుకుంటూ 1974లో, పందొమ్మిదేళ్ళ వయసులో, సన్ మ్యుంగ్ మూన్ స్థాపించిన యూనిఫికేషన్ చర్చిలో చేరాడు. రెండేళ్ళకు పైగా ఉన్నాడు, పైకి ఎదిగాడు, తనే ఎంతోమందిని చేర్పించాడు. 1976లో నిద్రలేని రాత్రుల తర్వాత వ్యాను నడుపుతూ కునుకుపట్టి లారీని గుద్దాడు. ఆసుపత్రి నుంచి వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు. ఆ అక్క దగ్గరికే ఎందుకెళ్ళాడో గమనించండి. అతని నమ్మకాన్ని తప్పుపట్టని, సంబంధం తెంచుకోని మనిషి ఆమె. అక్కడికి తండ్రి కొందరు మాజీ సభ్యులని పిలిపించాడు. హాసన్ కోపంతో రగిలిపోయాడు. తండ్రి ఏడుస్తూ, నీకొక కొడుకుండి ఇలా అయితే నువ్వేం చేసేవాడివని అడిగాడు. అప్పుడు కొద్దిరోజులు వినడానికి ఒప్పుకున్నాడు. వాళ్ళు అతనికి లిఫ్టన్ పుస్తకంలోని ఒక అధ్యాయం చూపించారు. కమ్యూనిస్టులని సైతానులుగా చూసే చర్చి అతనిది. ఆ కమ్యూనిస్టులు వాడిన పద్ధతులన్నీ తమ చర్చిలోనూ ఉన్నాయని అతనే, తన కళ్ళతో, ఒక్కొక్కటే పోల్చి చూసుకున్నాడు. మీ గురువు దొంగ అని ఎవరు చెప్పినా అతను వినేవాడు కాదు.

ఆ రోజుల్లో అమెరికాలో మనుషుల్ని ఎత్తుకెళ్ళి గదిలో పెట్టి మనసు మార్పించే పద్ధతి కూడా నడిచింది. హాసన్ తర్వాత ఆ బలవంతపు దారిని వదిలేసి, మాట్లాడి ఒప్పించే దారినే జీవితమంతా ప్రచారం చేశాడు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. గదిలో పెట్టి తాళంవేసి స్వేచ్ఛగా ఆలోచించమనడం ఎలా కుదురుతుంది? చట్టప్రకారం అది నేరం కూడా. ఇరవై రెండేళ్ళ కూతుర్ని ఫోను లాక్కుని ఇంట్లో బంధించే తల్లిదండ్రులు ఈ వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి.

రెండో మనిషి మేగన్ ఫెల్ప్స్-రోపర్. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో ఉన్న వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి ఆమె తాతగారిది. సైనికుల అంత్యక్రియల దగ్గర ద్వేషం నిండిన అట్టలు పట్టుకుని నిలబడే చర్చి. ఐదేళ్ళ వయసు నుంచే ఆమె ఆ అట్టలు పట్టుకుంది. 2009లో చర్చి తరఫున ట్విట్టర్‌లోకి వచ్చింది, పోట్లాడటానికే. తిట్టినవాళ్ళు వేలమంది. కానీ డేవిడ్ అబిట్‌బోల్ అనే యూదుడు తిట్టడం మానేసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. స్వలింగ సంపర్కులకు మరణశిక్ష పడాలని ఆమె పట్టుకునే అట్ట ఒకటుంది. అతను బైబిల్ లోంచే అడిగాడు: పాపం చెయ్యగానే చంపేస్తే, పశ్చాత్తాపపడి క్షమాపణ పొందే అవకాశం మీరే తీసేసినట్టు కాదా? ఆమె దగ్గర జవాబు లేదు. ఇంట్లోవాళ్ళని అడిగింది, వాళ్ళ దగ్గరా లేదు. ఆమె ఆ ఒక్క అట్ట పట్టుకోవడం మానేసింది. మిగతావన్నీ పట్టుకుంటూనే ఉంది. చర్చిని వదిలింది 2012 నవంబరులో, చెల్లెలితో కలిసి. ఆ తర్వాత ఆమెని తమ ఇళ్ళకి పిలిచి భోజనం పెట్టినవాళ్ళల్లో, ఆమె ఎవరికి వ్యతిరేకంగా అట్టలు పట్టుకుందో ఆ యూదులున్నారు.

ఒక ప్రశ్నకీ గడప దాటడానికీ మధ్య ఎంతకాలం పట్టిందో చూడండి. ఆ కాలమంతా పైకి ఏమీ మారినట్టు కనిపించదు. మీ ప్రశ్న వృథా అయిందనుకుంటారు. ఇంకా గట్టిగా అడగాలనిపిస్తుంది. ఆగండి. ప్రశ్న మీ నమ్మకంలోంచి కాకుండా వాళ్ళ నమ్మకంలోంచే పుట్టాలి. నా తమ్ముణ్ణి “ఇది మోసం కాదా?” అని పదిమంది పదిసార్లు అడిగారు. వాడిలో ఏదో కదిలింది మాత్రం బస్సులో పక్కన కూర్చున్న ఒక ముసలాయన మామూలుగా అడిగిన మాటకట. “మీ కంపెనీలో అందరూ పైకెళ్తారంటున్నావు కదా బాబూ, మరి కింద ఎవరుంటారు?”

ప్రశ్నే కాదు, గుంపుకి దూరంగా గడిపే కాలం కూడా పనిచేస్తుంది. 1954లో అమెరికాలో ఒక చిన్న బృందం డిసెంబరు 21న ప్రళయం వస్తుందని, అంతకుముందే తమని ఎగిరే పళ్ళేలు తీసుకుపోతాయని నమ్మి ఎదురుచూసింది. లియోన్ ఫెస్టింజర్, ఆయన సహచరులు వాళ్ళలో కలిసి గమనించారు. ప్రళయం రాలేదు. నాయకురాలి ఇంట్లో అందరూ కలిసి కూర్చుని ఎదురుచూసినవాళ్ళల్లో ఎక్కువమంది నమ్మకం వదల్లేదు సరికదా, ఊరందరికీ ప్రచారం మొదలుపెట్టారు. ఎవరింట్లో వాళ్ళు విడిగా ఎదురుచూసినవాళ్ళల్లో చాలామందికి నమ్మకం సడలిపోయింది. అందుకే, వీలైతే మీవాళ్ళని సంక్రాంతికి వారంరోజులు ఇంటికి పిలవండి. ఆ వారం వాళ్ళ గురువు గురించి, కంపెనీ గురించి ఒక్క మాట ఎత్తకండి. గుంపు గొంతు వినపడని వారంరోజుల నిశ్శబ్దం మీ వాదనకన్నా బలమైనది.

తిరిగొచ్చాక మిగిలేవి

అప్పుడప్పుడు వాడు మాట మధ్యలో ఆగిపోయి ఎటో చూస్తాడు. మీటింగు మొదలయ్యేముందు హాల్లో వేసే సినిమా పాట ఒకటుంది. అది ఆటోలో వినిపిస్తే చాలు, ఒళ్ళు పులకరించి, అన్నీ వదిలేసి తప్పుచేశానేమో, ఇంకో ఆరునెలలు ఓపికపడితే పైకెళ్ళేవాణ్ణేమో అనిపిస్తుందట. దీన్నిచూసి ఇంట్లోవాళ్ళు మళ్ళీ పోతాడని హడలిపోతారు. అది వెనక్కి పోవడం కాదు. శరీరానికి పడ్డ అలవాటు అది. అలాంటప్పుడు వాడు చేసే పని చెప్తాను: పైకి వినపడేలా తేదీ, ఊరు, ఎదురుగా కనపడే మూడు వస్తువుల పేర్లు చెప్పుకుంటాడు. “ఇవాళ మంగళవారం, తెనాలి, కొబ్బరిబొండాల బండి, మందులషాపు, ఆవు.” నవ్వొచ్చినా సరే చెప్పుకోవాలి. తర్వాత నోటుపుస్తకంలో ఏ పాట, ఏ మాట, ఏ వాసన దాన్ని లేపిందో రాసుకోవాలి. రాసుకున్నకొద్దీ వాటి జోరు తగ్గుతుంది.

అన్నిటికన్నా బరువైనది, తను చేర్పించినవాళ్ళ సంగతి. మోసపోయినవాడే మోసగాడు కూడా అవుతాడు ఇందులో. ఇంట్లోవాళ్ళు “నీ తప్పేం లేదురా, నిన్నూ మోసం చేశారు” అంటారు. అది సగమే నిజం, మిగతా సగం వాడికి తెలుసు. ఆ సగాన్ని మనం కొట్టేస్తే వాడు ఇంకా ఒంటరివాడైపోతాడు. వాడు పదకొండుమంది పేర్లు రాసుకున్నాడు, వాడి జీవితంలో రాసిన రెండో లిస్టు అది. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. నేను చెప్పిన ఒకే ఒక్క మాట, నీ కష్టాలతో మొదలుపెట్టకు అని. “నావల్ల నీకు ఇంత పోయింది, నెలకి ఇంత ఇవ్వగలను.” అంతే. ముగ్గురు తిట్టారు. ఒకడు ఫోనెత్తలేదు, ఇప్పటికీ. గాజులు తాకట్టుపెట్టిన స్నేహితుడి తల్లి మాత్రం, “ముందు ఇంటికి రా, మాట్లాడుకుందాం” అంది. ఆ గాజులు విడిపించడానికి పధ్నాలుగు నెలలు పట్టింది.

ఇప్పుడు వాడు ఎవరింటికి భజనకి వెళ్ళినా, ఏ క్లాసులో చేరినా ఇంట్లో భయం. భయపడకండి. భక్తి, క్రమశిక్షణ, ఒక ఆశయం కోసం కలిసి పనిచెయ్యడం జబ్బులు కావు. వాడికి నేను రెండే ప్రశ్నలు అలవాటు చేశాను. ఇక్కడ గట్టి ప్రశ్న అడిగినవాడు మర్నాడు కూడా అందరితో కలిసి కూర్చుంటున్నాడా? ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయినవాళ్ళ గురించి మిగిలినవాళ్ళు ఏమనుకుంటున్నారు? ‘వాళ్ళకి వేరేచోట నచ్చింది’ అని మామూలుగా అనగలిగిన చోట నిశ్చింతగా ఉండొచ్చు.

ఈ అధ్యాయం రాసి వాడికి పంపాను, వాడి జీవితం కదా, అడక్కుండా అచ్చువెయ్యకూడదు. మూడు రోజుల తర్వాత ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, మాటల నోటుపుస్తకం సంగతి బాగుంది, ఉంచు. కానీ మొదట్లో రాసింది తప్పు. నేనేదో చప్పట్ల కోసం వెళ్ళినట్టు రాశావు. హైదరాబాదులో రెండేళ్ళు రూములో ఒక్కణ్ణే ఉన్నాను. ఆఫీసులో నా పేరు కూడా సరిగ్గా పిలిచేవాళ్ళు కాదు. ఆ మీటింగుకెళ్ళిన మొదటిరోజు ఒకాయన నా పేరడిగి, రెండోవారం నాకు జ్వరమొస్తే మజ్జిగన్నం పట్టుకుని రూముకొచ్చాడు. ఆయనా నాలాగే మునిగాడు తర్వాత. ఆ మజ్జిగన్నం అబద్ధం కాదు. అది రాయకపోతే నా కథ వెయ్యొద్దు.”

నేను వాదించాను. అది రాస్తే ఆ గుంపుకి మంచిపేరొస్తుందని, చదివేవాళ్ళు గందరగోళపడతారని అన్నాను. “గందరగోళపడనీ” అన్నాడు. “నాకు నచ్చలేదు, అంతే.”

చప్పట్ల గురించి రాసిన వాక్యం తీసెయ్యమంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, వద్దు, అది నీ అభిప్రాయం, అది నీ పేరుమీద ఉండనీ, నాది నా మాటగా వెయ్యి అన్నాడు. అలాగే వేశాను.